సగం తవ్విన బావి దాహం తీర్చదు

డిసెంబరు చలి ముదిరేసరికి నూజివీడు చుట్టుపక్కల తోటలు రంగు మారుతాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం... ఎటు వెళ్ళినా ముదురాకుపచ్చ కొమ్మల చివర లేత పసుపు పూత కనిపిస్తుంది. ఒక్కొక్క గుత్తిలో వందల పూలు, ఒక్కొక్కప్పుడు వేల పూలు ఉంటాయి. చూసేవారికి కన్నుల పండువ. కాని అనుభవజ్ఞుడైన రైతు ఆ పూతను చూసి లెక్కలు వేసుకోడు. తేనెమంచు పురుగు ఉంది, బూడిద తెగులు ఉంది, అదను తప్పిన వాన ఉంది, పిందె రాల్చే వడగాలి ఉంది. వీటన్నిటినీ తట్టుకుని గుత్తికి ఒకటో రెండో కాయలు నిలబడితే అదే పదివేలు. చిక్కంలోకి దిగిన కాయే అతని దృష్టిలో కాయ.

పండు పక్వానికి వచ్చే సూచనలు కనబడక మునుపే దానిని అమ్మవద్దని మహాప్రవక్త (స) వారించారు. అల్లాహ్ ఆ పంటను ఆపివేస్తే, తోటి సోదరుని సొమ్మును ఏ హక్కుతో తీసుకుంటావన్నది ఆ ఆదేశం వెనుక ఉన్న ప్రశ్న. రానిదానిని వచ్చినట్లుగా భావించి వ్యవహారం నడపరాదన్న ఈ హెచ్చరికను తోటల బేరంలో మరచిపోతున్నామా లేదా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం. అయితే మన సామూహిక సేవా కార్యాలలో మాత్రం దీనిని తరచుగా మరచిపోతున్నామన్నది నిజం.

జుమా నమాజు తరువాత ఒక ప్రకటన వెలువడుతుంది. పిల్లల చదువుకు ఒక గది కట్టాలి, లేదా వీధికి మంచినీటి ఏర్పాటు చేయాలి. హృదయాలు కరుగుతాయి. ఒకరు సిమెంటు నాది అంటారు, మరొకరు ఇసుక నాది అంటారు. కాగితం నిండా పేర్లు నిండుతాయి. అది పూత. ఆ పూతను నమ్ముకుని పునాది తీస్తారు, గోడలు లేపుతారు. కప్పు వేసే వేళకు కాగితం మీది పేర్లలో సగం పిందెలుగానే రాలిపోతాయి. గోడల పైన ఆకాశంలోకి చూస్తూ తుప్పుపట్టిన ఇనుప చువ్వలు, లోపల మొలిచిన పిచ్చిమొక్కలు... ఇటువంటి దృశ్యాన్ని చూడనివారు మనలో అరుదు. అక్కడ వ్యర్థమైనది సిమెంటు ఒక్కటే కాదు. ఆ దారిన పోయే ప్రతి దాతకూ ఆ గోడలు ఒక మాట చెబుతుంటాయి: ఈసారి ఇచ్చేముందు ఆలోచించు.

సగం నిధులతో సగం ప్రయోజనం సిద్ధించదు. సగం లోతు తవ్విన బావిలో సగం నీరు ఊరదు. కనుక దాతలను ఆహ్వానించేవారూ, ఆహ్వానం అందుకున్న దాతలూ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పని పూర్తి ఖర్చు ఎంత? అది చివరిదాకా ఎలా సమకూరుతుంది?

రూమా బావి నేర్పిన పాఠం

మదీనాకు వలస వచ్చిన ముస్లిములకు తీయని నీటి కొరత ఎదురైంది. రూమా అనే బావిలో మంచినీరు ఉండేది. కాని దాని యజమాని నీటిని అమ్ముకునేవాడు. కొనలేని పేదలు దాహంతో అల్లాడేవారు. ఆ బావిని కొని ప్రజలందరితో పాటు తానూ ఒక చేద వేసుకునేవానికి స్వర్గంలో అంతకంటే ఉత్తమమైనది లభిస్తుందని మహాప్రవక్త (స) శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చారు.

ఇక్కడ చరిత్ర గ్రంథాలలోని ఒక కథనాన్ని శ్రద్ధగా గమనించాలి. యజమాని మొత్తం బావిని అమ్మడానికి మొదట ఒప్పుకోలేదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) 12,000 దిర్హములకు సగం హక్కు కొన్నారు. ఒక రోజు ముస్లిములది, ఒక రోజు యజమానిది. ప్రజలు తమ వంతు రోజున రెండు రోజులకు సరిపడా నీరు తోడుకోసాగారు. బేరం పడిపోయిన యజమాని మిగిలిన సగాన్ని కూడా అమ్మజూపాడు. ఆయన (రజి) మరో 8,000 దిర్హములిచ్చి దానిని కూడా కొని, బావిని అందరికీ ధారాదత్తం చేశారు.

మొదటి సగంతోనే ప్రజల దాహం తీరిపోయింది కదా, రెండవ సగం ఎందుకని ఆయన అనుకోలేదు. సగం హక్కు ఉన్నంతకాలం ఆ నీరు ఒక ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది. పూర్తి హక్కు వచ్చిన నాడే అది సదఖా జారియా, అంటే నిరంతరం ప్రవహించే పుణ్యం అవుతుంది. చివరి 8,000 దిర్హములు మొదటి 12,000 దిర్హములను కాపాడాయి. మన ఊళ్ళలో కొరవడుతున్నది ఈ రెండవ విడతే.

పూర్తి ఖర్చు అంటే ఏమిటి?

మనం సాధారణంగా లెక్కించేది కట్టడం ఖర్చును మాత్రమే. కట్టడం పుట్టుక; నిర్వహణ బ్రతుకు. ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఇది కేవలం లెక్క తెలియడానికి వేసిన అంచనా. తోటలలో పని చేసే తల్లిదండ్రుల పిల్లల కోసం ఒక ఊరిలో సాయంకాలపు చదువుల కేంద్రం పెట్టాలనుకున్నాం. పాత గదిని బాగుచేసి, బల్లలు, పుస్తకాలు, దీపాలు, పంకాలు అమర్చడానికి 1,20,000 రూపాయలు అవుతుందనుకుందాం. మామూలుగా మన విన్నపం ఇంతటితో ముగుస్తుంది. ప్రారంభోత్సవం జరుగుతుంది. మూడవ నెలలో పంతులమ్మకు జీతం ఉండదు, ఆరవ నెలలో గదికి తాళం పడుతుంది.

అసలు లెక్క వేరు. ఇద్దరు ఉపాధ్యాయులకు నెలకు 6,000 చొప్పున 12,000, విద్యుత్తు, సుద్దముక్కలు వగైరాలకు 1,000. నెలకు 13,000, ఏడాదికి 1,56,000 రూపాయలు. మరమ్మతులకు ఏడాదికి 12,000. ఆపద వేళకు మూడు నెలల ఖర్చు నిల్వగా 39,000. అన్నీ కలిపితే మొదటి ఏడాదికి 3,27,000 రూపాయలు. మనం అడిగింది దీనిలో దాదాపు మూడో వంతు మాత్రమే.

పెద్ద అంకె చూసి దాతలు వెనుకంజ వేస్తారేమోనని నిర్వాహకులు భయపడతారు. కాని అంకెను దాచడం వల్ల ఖర్చు దాగదు. దానిని విడదీసి చూపితే భయం తగ్గుతుంది. పై ఉదాహరణలో ప్రతి నెలా కావలసినది మరమ్మతులతో కలిపి 14,000 రూపాయలు. డెబ్బై కుటుంబాలు నెలకు 200 రూపాయల చొప్పున ఇస్తే అది సమకూరుతుంది. ఒక్కసారి మాత్రమే కావలసిన 1,59,000 రూపాయలను పంట చేతికి వచ్చిన రోజుల్లో స్తోమత గలవారి నుంచి కోరవచ్చు. ఎవరి భుజానికి తగిన బరువు వారికి చూపినట్లవుతుంది.

జీతం గురించి ఒక మాట. ఉపాధ్యాయుడు పుణ్యం కోసం తక్కువ జీతానికి పని చేయాలని కోరడం కూడా ఖర్చును దాచడమే. మస్జిదె నబవి స్థలం ఇద్దరు అనాథ బాలురది. ఉచితంగా ఇవ్వజూపినప్పటికీ మహాప్రవక్త (స) దానిని వెల చెల్లించి తీసుకున్నారు. శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని బోధించిన ధర్మం మనది. పూర్తి ఖర్చు అంటే ఎవరి హక్కూ ఎగ్గొట్టని ఖర్చు.

కాపు ఉన్న ఏడు, లేని ఏడు

మామిడికి ఒక స్వభావం ఉంది. బంగినపల్లి చెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. నున్న మార్కెట్టులో ధర ఉన్న ఏడు కాపు ఉండదు, కాపు ఉన్న ఏడు ధర ఉండదు. ఇక్కడి బ్రతుకులన్నీ ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాగే ఆ కొద్ది వారాల మీద ఆధారపడినవే. తోట యజమాని, కౌలుదారు, కోత కూలీ, కాయలు సర్దేవారు, లారీ నడిపేవారు... ఎవరి చేతిలోనైనా డబ్బు ఆడేది అప్పుడే. పిల్లల చదువు, రోగి మందులు మాత్రం పన్నెండు నెలలూ సాగవలసినవి.

ఈ చిక్కుకు పరిష్కారం హజ్రత్ యూసుఫ్ (అ) వృత్తాంతంలో ఉంది. ఏడు సమృద్ధి సంవత్సరాల ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వ చేయించి ఏడు కరవు సంవత్సరాలను ఆయన దాటించారు. మంచి కాపు వచ్చిన ఏడు కొత్త పనికి శంకుస్థాపన చేయాలన్న ఉత్సాహాన్ని కాస్త అదుపులో పెట్టి, పాత పని రాబోయే ఏడు ఆగకుండా కొంత నిల్వ చేయడం ప్రవక్తల మార్గమే.

ఉపద్రవం వచ్చినప్పుడు మన ప్రజల చేతులు ఎంత విశాలమో 2024 సెప్టెంబరులో చూశాము. బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు ఇరుగు పొరుగు ఊళ్ళ నుంచి అన్నం పొట్లాలు, నీళ్ళు, దుప్పట్లు తరలి వచ్చాయి. ఎవరూ ఎవరి మతాన్నీ అడగలేదు. అల్‌హందులిల్లాహ్! కాని వరద నీరు తీసిన తరువాత కూడా మిగిలే లేమి ఒకటుంది. దానికి శబ్దం ఉండదు, టీవీలో కనిపించదు. నూజివీడుకు ఎంతో దూరం లేని ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండాల వ్యాధి ఏళ్ళ తరబడి కుటుంబాలను కుంగదీస్తోంది. డయాలసిస్‌కు ప్రభుత్వ పథకం తోడ్పడినప్పటికీ వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళివచ్చే ప్రయాణం, ఆ రోజుల్లో పోయే కూలి, వెంట వెళ్ళే మనిషి కూలి... వీటిని ఎవరు లెక్కించాలి? ఇటువంటి కుటుంబానికి ఒక నెల సాయం చేసి ఫోటో తీసుకోవడం సులభం. ఏడాది పొడుగునా చేయగలమని నిధి సమకూర్చుకున్న తరువాత మాట ఇవ్వడం కష్టం. ఆ కష్టమైనదే వారికి కావలసినది. కొద్దిపాటిదైనా ఎడతెగకుండా సాగే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని మహాప్రవక్త (స) తెలియజేశారు.

ఒక్క దూలం మీద ఇల్లు

ఎవరైనా ఒక ధనవంతుడు మొత్తం ఇచ్చేస్తే బాగుండునని మనం ఆశిస్తుంటాం. అది ఎంత ప్రమాదకరమో తెలుగు రాష్ట్రానికి ఒకసారి అనుభవమైంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ వెనుక సత్యం కంప్యూటర్స్ అధినేతల కుటుంబం ఉండేది. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల బాగోతం బయటపడగానే, రోగుల ప్రాణాలు కాపాడుతున్న సేవ భవితవ్యం ప్రశ్నార్థకమైంది. నిర్వహణ ఖర్చులో అధికభాగాన్ని అప్పటికే ప్రభుత్వం భరిస్తుండటం, నిర్వహణ బాధ్యతను జీవీకే సంస్థ చేపట్టడం వల్ల సేవ నిలబడింది. భారం మరొక చోట కూడా ఆనించి ఉండబట్టే ఒక స్తంభం కూలినా కప్పు కూలలేదు.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రస్థానానికి నిధులు కావలసి వచ్చినప్పుడు మహాప్రవక్త (స) ఒక్కరి ఐశ్వర్యం మీద ఆధారపడలేదు, అందరినీ ఆహ్వానించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) భారీగా ఇచ్చారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) తమ సర్వస్వాన్ని, హజ్రత్ ఉమర్ (రజి) తమ సంపదలో సగాన్ని తెచ్చారు. వారితో పాటు అబూ అఖీల్ (రజి) అనే నిరుపేద కూడా వచ్చారు. రాత్రంతా నీళ్ళు తోడి కూలిగా సంపాదించుకున్న ఖర్జూరాలలో సగం ఇంటికి ఉంచి సగం తెచ్చారు. కపట విశ్వాసులు ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిని ఖండిస్తూ తౌబా సూరాలో ఆయత్ అవతరించింది. పేదవాని గుప్పెడు ఖర్జూరాల గౌరవాన్ని కాపాడడానికి సాక్షాత్తు దివ్యవాణి దిగివచ్చింది!

కనుక విన్నపం తోట యజమానుల ఇళ్ళతో ఆగిపోరాదు. కోత కూలీ ఇచ్చే పది రూపాయలకు కూడా రసీదు ఉండాలి. ఇచ్చినవాడు అడుగుతాడు, కనిపెట్టి ఉంటాడు, కాపాడుతాడు. మరోవైపు పెద్ద దాతలకు ఒక మనవి: మొదటి విరాళం ప్రకటించే గౌరవం కన్నా చివరి లోటును పూడ్చే బాధ్యతను కోరుకోండి. ఊరంతా కలిసి ఇంతవరకు తెస్తే మిగిలినది నాదని మీరు ముందుగానే మాట ఇస్తే, చిన్న దాతలకు తమ సొమ్ము వ్యర్థం కాదన్న ధైర్యం కలుగుతుంది.

ఏ సొమ్ము ఏ పనికి?

దాతలను ఆహ్వానించేవారు సొమ్ముల తేడా తెలుసుకుని ఉండాలి. జకాత్‌కు హక్కుదారులైన ఎనిమిది వర్గాలను ఖుర్ఆన్ నిర్ణయించింది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని యాజమాన్యంలోకి చేరాలి. అందుచేత భవనాలకు, బావులకు, జీతాలకు దానిని వాడరాదు. వితంతువుకు కుట్టుమిషను, రోగికి మందుల ఖర్చు, పేద విద్యార్థికి ఫీజు వంటివి జకాత్‌తో ఇవ్వవచ్చు. గది, బోరు, ఉపాధ్యాయుని జీతం సాధారణ సదఖా, విరాళాల నుంచి రావాలి. రెండింటికీ వేరు వేరు ఖాతాలుండటం ధర్మరీత్యా అవసరం. సదఖాకు మతం అడ్డు కాదు. ముస్లిమేతరుడైన పొరుగువాని దాహం తీర్చడం కూడా పుణ్యమే.

మన తోటలకు సంబంధించి ఉష్ర్ అనే బాధ్యత ఒకటి మరుగున పడిపోయింది. పంట కోసిన రోజునే దాని హక్కు చెల్లించమని ఖుర్ఆన్ ఆదేశించింది. వర్షాధారపు పంటలో పదో వంతు, శ్రమపడి నీరు పెట్టిన పంటలో ఇరవయ్యో వంతు అని హదీసు తెలియజేసింది. ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయంలో పండ్లకు కూడా ఇది వర్తిస్తుంది. కౌలు తోటలో చెల్లించవలసినది ఎవరు, ఎంత అన్నది ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవాలి. ఉష్ర్ కూడా జకాత్ వంటిదే, పేదల హక్కు. దానిని సక్రమంగా లెక్కిస్తే రోగుల, వితంతువుల సహాయ నిధికి ప్రతి ఏటా ఒక ఊట ఏర్పడుతుంది.

నిర్వహణ ఖర్చులకు శాశ్వతమైన మార్గం వక్ఫ్. ఖైబర్‌లో తమకు లభించిన విలువైన భూమిని ఏమి చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమని మహాప్రవక్త (స) సలహా ఇచ్చారు. దానిని అమ్మరాదు, బహూకరించరాదు, వారసత్వంగా పంచుకోరాదు. దాని ఆదాయం పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు చెందాలి. చూసుకునే వ్యక్తి న్యాయసమ్మతంగా కొంత తినవచ్చు. ఇది ఖర్జూర వనాలకు ప్రసిద్ధమైన ఖైబర్ మాట. మామిడి తోటల నూజివీడుకు ఇంతకన్నా దగ్గరి ఆదర్శం ఏముంటుంది? తోట మొత్తం ఇవ్వలేనివారు ప్రతి ఏటా అయిదు చెట్ల కాపు ఈ పనికని సంకల్పించుకోవచ్చు. భూమినే వక్ఫ్ చేయదలచినవారు ప్రస్తుత చట్టం తెలిసినవారి సలహాతో లిఖితపూర్వకంగా, నమోదు చేయించి చేయాలి. నోటి మాట మీద నిలిచిన ఆస్తి తరువాతి తరంలో తగాదాగా మారుతుంది.

అమానత్ అనే తాళంచెవి

దాత ఇచ్చేది డబ్బు కన్నా ముందు నమ్మకం. అది అమానత్. దానిని నిలుపుకునే మార్గాలు కష్టమైనవి కావు. సంస్థను చట్టప్రకారం రిజిస్టరు చేయించాలి. ఖాతా ఒకరి సొంత పేరుతో కాక సంస్థ పేరుతో, ఇద్దరి సంతకాలతో నడవాలి. నెల నెలా జమా ఖర్చులను అందరికీ కనిపించే చోట అంటించాలి. ఎంత వచ్చింది, ఎంత అయింది, ఇంకా ఎంత లోటు ఉంది అన్న మూడు అంకెలు పెద్ద అక్షరాలలో ఉంటే చాలు. పని మొదలుపెట్టడానికి కావలసిన మొత్తం చేతికి రాకముందు పునాది తీయరాదు. ఒకవేళ పని సాగకపోతే సొమ్ము ఏమవుతుందో విన్నపంలోనే చెప్పాలి.

గల్ఫ్ దేశాలలో ఉన్న మన బిడ్డలు భారత పౌరులుగా తమ సంపాదనలోనుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళాల చట్టం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువుల నుంచి తీసుకోవాలంటే మాత్రం ఆ చట్టం కింద ముందుగా అనుమతి ఉండాలి. తెలియక చేసినా తప్పు తప్పే. ఒక్క పొరపాటు పదేళ్ళ మంచిపనిని ఆపివేయగలదు.

అడిగే పద్ధతిలోనూ మర్యాద ఉంది. పదిమందిలో నిలదీసి, సిగ్గుపడేట్టు చేసి రాబట్టిన సొమ్ములో శుభం ఉండదు. సాయం పొందినవారి ముఖాన్ని ప్రచారానికి వాడుకోవడం ఇంకా పెద్ద తప్పు. చేసిన మేలును ఎత్తిపొడవడం, బాధించడం దానాన్ని నిష్ఫలం చేస్తుందని ఖుర్ఆన్ హెచ్చరించింది. నున్నని రాతి మీది మట్టిని జడివాన కడిగివేసినట్లు ఆ పుణ్యం కొట్టుకుపోతుంది.

ఈ సంభాషణ మన ఇళ్ళలోనే మొదలుకావాలి. ఈ ఏటి పంట సొమ్ము చేతికి వచ్చిన రోజు భార్యాభర్తలు, పిల్లలు కలిసి కూర్చుని అల్లాహ్ వాటా ఎంతో ముందుగా తీసి పక్కన పెట్టండి. మన ఊళ్ళో మొదలై ఆగిపోయిన పని ఏదో పిల్లలనే అడగండి. పెద్దలకు కనిపించని మొండిగోడలు వారికి తెలుస్తాయి, ఆడుకునేది అక్కడే కనుక. కొత్త పని తలపెట్టేముందు ఆ ఆగిపోయిన పనికి ఎంత కావాలో కనుక్కోండి. చాలాసార్లు అది మనం భయపడినంత ఉండదు.

ప్రళయం ముంచుకొస్తున్నా సరే, చేతిలో మొక్క ఉంటే నాటే వీలున్నంతవరకు నాటమని మహాప్రవక్త (స) బోధించారు. నూజివీడు రైతుకు మరొక సంగతి కూడా తెలుసు. అంటు నాటిన రోజు పండుగ కాదు. కంచె కట్టి, కుండతో నీళ్ళు మోసి, మూడు నాలుగు వేసవులు దాటించినవానికే నీడ, ఫలం దక్కుతాయి. మన సేవా కార్యాలను కూడా ఆ రైతు ఓర్పుతోనే మొదలుపెట్టి, ఆ ఓర్పుతోనే ముగించుదాం.

మనం ఇచ్చేదానిని స్వచ్ఛమైనదిగా చేసి, మొదలుపెట్టినదానిని పూర్తి చేసే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.